చీటీలో రాయని బటను

బల్బు దానంతట అదే వెలిగింది.

మోనిక ఏ బటనూ నొక్కలే. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చెయ్యి కీబోర్డు మీద. ఎదురుగా బల్ల మీద మగ్గం పెట్టె ఉండాది, దానికి మోటారు బదులు ఒక నలభై వాట్ల బల్బు తగిలించి పెట్టినారు. బల్బు వెలిగితే మోటారు తిరిగినట్టు, ఆరితే ఆగినట్టు. పచ్చ బటను నొక్కితే తప్ప వెలగకూడదు. అది నిక్షేపంగా వెలుగుతా ఉండాది.

"సార్," అనింది మోనిక. మళ్ళా అరిచింది. "ధనంజయ సార్!"

ధనంజయ పక్క గదిలో నుంచి కళ్ళద్దాలు తుడుచుకుంటా వచ్చినాడు. తిరుపతి కరకంబాడి రోడ్డులో, టైర్ల షాపు మీద మేడలో ఆయన కంపెనీ. మొత్తం నలుగురు మనుషులు. పవర్‌లూమ్ మగ్గాలకు తగిలించే పెట్టెలు చేస్తారు. పెట్టె డిజైను చదివి ఏ పోగులు లేపాలో మగ్గానికి చెప్తాది, మోటారును నడపడం, ఆపడం గూడా దాని పనే. మోనిక ఆడ పనికి చేరి నాలుగేళ్ళయింది. నగరి మగ్గాలోళ్ళ పిల్ల కాబట్టి పెట్టె లోపల ఉండే ప్రోగ్రామంతా ఆ పిల్ల చేతిలోనే పెట్టినాడు ఆయన.

"ఎవురు నొక్కినారు?" అన్నాడు ధనంజయ.

"ఎవురూ నొక్కలే సార్. కొత్త ప్యాకేజీ ఎక్కించినా, అంతే."

గోడ గడియారంలో పన్నెండుకు ఇంకా రెండు నిమిషాలుండాది. మోనిక ఆ గడియారాన్ని చూసింది, బల్బును చూసింది. టీ గ్లాసు ఎప్పుడు కింద పెట్టిందో తనకే తెలీదు.

ఆ కొత్త ప్యాకేజీ సంగతి చెప్పాల. అంతకుముందు పెట్టెల్లోకి పోయే ప్రోగ్రాము ఏది కావాలన్నా ధనంజయ సొంత ల్యాప్‌టాప్‌లోనే తయారయ్యేది. తొమ్మిదేళ్ళ నాటి ల్యాప్‌టాప్. దాంట్లో ఏముందో, ఏది ఎప్పుడు ఎక్కించినాడో ఆయనకే గుర్తు లేదు. "ఇది గిన పోతే మన కంపెనీ గంగలో కలిసినట్టే సార్," అని మోనిక ఏడాది పాటు పోరింది. పోరి పోరి, చివరికి నువ్వే ఏదో ఒకటి చెయ్యి తల్లీ అనిపించుకుంది.

పెట్టెల లోపల నడిచేది డెబియన్ అనే సిస్టం, దాన్ని చేసేవాళ్ళకు దీనికొక పద్ధతుండాది. కంప్యూటర్ లోపలే నాలుగు గోడలు కట్టినట్టు ఒక ఉత్త గదిని తయారు చేస్తారు. దాంట్లో ఏమీ ఉండదు. ఈ ప్యాకేజీ తయారు కావాలంటే ఏమేం కావాలో ఒక చీటీ రాసి పెడితే, ఆ చీటీలో ఉండేవి మాత్రమే గదిలోకి వస్తాయి. వాటితోనే వండాల, మూట కట్టాల, మూట బయటికి రాగానే గదిని పడగొట్టేయాల. మళ్ళీసారి మళ్ళీ కొత్త గది. రేపు ఎవురు ఏ కంప్యూటర్లో చేసినా మూట ఒకే మాదిరి వస్తాది. మోనిక మూడు వారాలు దాంతోనే కుస్తీ పట్టింది. గది కట్టింది, అది లేదంటే అది రాసింది, ఇది లేదంటే ఇది రాసింది, పడగొట్టింది, మళ్ళా కట్టింది. పోయిన గురువారం ఒక్క తప్పు గూడా చూపకుండా మూట బయటికొచ్చినప్పుడు ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచి పెట్టింది. ఎంత మురిసిపోయిందో ఏం చెప్పేది!

ఆ మురిపెంలోనే పడింది దెబ్బ. పచ్చ బటను నొక్కినారా లేదా అని చూసేదానికి ఒక లైబ్రరీ, అంటే ముందే రాసి పెట్టిన ప్రోగ్రాము ముక్క, కావాల. ధనంజయ ల్యాప్‌టాప్‌లో అది ఎప్పటి నుంచో ఉండాది. ఎప్పుడూ ఉండేదాన్ని చీటీలో ఎవురు రాస్తారు? కొట్టుకు పంపే చీటీలో ఇంట్లో బస్తాడు ఉప్పు పెట్టుకోని ఉప్పు రాస్తామా? రాయలే. ఉత్త గదిలోకి అది రాలే.

రాకపోతే రాకపోయింది, ఆడనే తప్పు చూపించి ఆగిపోయింటే ఏ బాధా లేదు. ఆగలే. ఎందుకు ఆగలేదో మోనికకు ఇప్పుడు ఆ బల్బు ముందర నిలబడినాక గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట, పనిలో కొత్త, ఇంట్లో తన ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాము నడిపి చూసుకునేదానికి బటన్లు యాడ నుంచి తేవాల? అందుకని ఒక లైను రాసి పెట్టింది. లైబ్రరీ లేకుంటే బటను నొక్కినట్టే అనుకో అని. సులువుగా ఉంటాదని రాసింది. రాసి మరిచిపోయింది.

"ఎన్ని పెట్టెల్లోకి పంపినావు?" అన్నాడు ధనంజయ.

"ఆరు. ట్రయల్ ఇండ్లు ఆరే."

ఆరూ నగరిలో మోనిక వాళ్ళ వీధిలోవే. కొత్తది ఏదొచ్చినా ముందు మా ఇండ్లల్లో చూడండి అని ఆ వీధోళ్ళు వాళ్ళంతట వాళ్ళే చెప్పినారు. మన పాప చేసింది గదా అని. ఆఫీసులో బల్ల మీది పెట్టె రిపేరుకు పోయుండింది కాబట్టి మోనిక డిజైన్లు తెర మీద సరిగ్గా వస్తున్నాయా అని మాత్రం చూసి, బటను సంగతి చూడకుండానే నిన్న సాయంత్రం పంపించేసింది. ఈ పొద్దు పెట్టె రిపేరు నుంచి తిరిగొచ్చింది. వచ్చినాక గదా తెలిసింది.

పెట్టెలు తెల్లవారుజామున ఒక్కసారే సర్వర్ను అడుగుతాయి. కొత్తది ఉంటే దించుకోని పక్కన పెట్టుకుంటాయి. మజ్జాన్నం ఒంటిగంటా పావుకు ఎక్కించుకోని, ప్రోగ్రామును ఆపి మళ్ళా మొదలు పెడతాయి. అంటే ఇప్పుడు ఈడ కూచోని సర్వర్లో ఏం తుడిచినా లాభం లేదు. మూట అప్పుడే ఆరిండ్లల్లో చేరిపోయింది. ఒంటిగంటా పావుకు ఆరు మగ్గాలూ ఎవురూ నొక్కకుండా తిరగడం మొదలుపెడతాయి.

ఆ టైము పెట్టింది గూడా మోనికే. ఒంటిగంటకు వీధంతా మగ్గాలు ఆపి అన్నాలకు పోతారు, ఎవురికీ ఇబ్బంది ఉండదు అని. కానీ మగ్గం ఆగినప్పుడే గదా ఆడోళ్ళు దాంట్లోకి తల పెట్టేది! తెగిన పోగులు అతకాలన్నా, దుమ్ము తుడవాలన్నా, కొత్త పడుగు అతకాలన్నా అన్నీ ఆ గంటలోనే. మగ్గాలింట్లో పుట్టిన దానికి ఇది తెలీదా? తెలుసు. బటను ఉండాది గదా, నొక్కితే గదా తిరిగేది అనుకుంది.

రాత్రి వాళ్ళమ్మ చౌడేశ్వరి ఫోన్లో చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. "రేపు కొత్త పడుగు అతకాల పాపా. మీ నాయన నూలుకని ఈరోడుకు పోయినాడు. నేనొక్కదాన్నే కూచోవాల."

పడుగు అతకడం అంటే మాటలు కాదు. పడుగంటే నిలువు దారాలు. పాత పడుగు కొసలు మగ్గంలోనే ఉంటాయి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే తీసి ఆ కొసలకు మెలిపెట్టి అతకాల. నాలుగు వేల పైచిలుకు పోగులు. మనిషి మగ్గం లోపలికి దూరి, తలా రెండు చేతులూ దారాల మధ్య పెట్టి కూచుంటాది. కళ్ళ ముందరే పేకను, అంటే అడ్డం దారాన్ని, కొట్టే బరువైన పలక. ఆ పలక తిరిగే మగ్గంలో నిమిషానికి నూటిరవైసార్లు కొడ్తాది.

"అమ్మ లోపల ఉంటాది సార్," అనింది మోనిక. "మా అమ్మ చేతులు లోపలుంటాయి."

ధనంజయ బండి తాళాలు తీసుకున్నాడు.

* * *

మెట్లు దిగుతానే మోనిక ఫోన్లు మొదలుపెట్టింది. ముందు అమ్మకు. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఫోను వంటింట్లో అలమర మీద పెట్టి మగ్గం గదిలో కూచుంటాది ఆయమ్మ. ఆ వీధిలో పన్నెండు నెలలూ మగ్గాల మోతలో బతికే మనుషులకు ఫోను మోగడం ఎప్పుడు వినబడింది గనక!

మిగతా అయిదిండ్లకూ చేసింది. "మగ్గం మెయిను స్విచ్చి దించేయండి. ఒంటిగంట లోపల దించేయండి. సాయంత్రం దాకా ఎత్తొద్దు." ఏంది, ఎందుకు అని ఒకరిద్దరు అడిగినారు. "పెట్టె చెడిపోయింది, మగ్గం దానంతట అదే తిరుగుతాది," అని చెప్పింది. ఎదురింటి దేవకమ్మ మాత్రం ఫోను చెవి దగ్గర పెట్టుకోనే పోయి మెయిను దించి, "దించేసినా తల్లీ, టక్కుమనింది, ఇనబడిందా?" అనింది. అయిదిండ్లూ అయినాయి. రేణిగుంట రోడ్డెక్కేసరికి పన్నెండుంబావు.

మళ్ళా అమ్మకు చేసింది. మోగింది, ఆగింది.

పక్కింటి మురుగేష్‌కు చేసింది. మంచోడే గానీ, ఏ పని చెప్పినా ముందు ఒక కథ చెప్పాలంటాడు. "అన్నా, మా ఇంటికి పో. అమ్మను మెయిను దించమని చెప్పు. పెట్టె చెడిపోయుండాది. ఒంటిగంటా పావుకు మగ్గం దానంతట అదే తిరుగుతాది. నిజంగా అన్నా, అమ్మ లోపలుంటాది."

"పోతాండాలే పాపా, నువ్వేం బయపడొద్దు," అన్నాడు మురుగేష్.

బండి మీద గాలికి మోనిక కళ్ళల్లో నీళ్ళు కారినాయి. గాలికేనా అంటే కాదు. కళ్ళు మూసుకుంటే చాలు, అమ్మ వేళ్ళే కనబడతా ఉన్నాయి. పోగు జారకుండా వేళ్ళకు బూడిద పూసుకోని, పోగు పోగూ మెలిపెట్టే వేళ్ళు. అమ్మ తల ఎంత ముందుకు వంగి ఉంటాదో, పలక ఎంత వెనక్కి వచ్చి కొడ్తాదో, మధ్యలో ఎంత సందుంటాదో తనకు జానలతో సహా తెలుసు. లెక్కగట్టొద్దు అనుకుంటానే మనసు లెక్కగడతా ఉండాది.

వడమాలపేట దగ్గరకొచ్చేసరికి మురుగేష్ ఫోను వచ్చింది.

"తలుపు లోపల గడియేసుకోనుండాది పాపా. కేకేసినా, బాదినా. పలకలే. పడుగు అతుకుతా ఉంటే పలకదు గదా మీయమ్మ."

అది నిజం. పడుగు అతికేటప్పుడు తలుపులు, కిటికీలు అన్నీ మూసేస్తారు, గాలి తగిలితే కొసలు చిక్కుపడతాయని. వందేసి పోగుల లెక్కన అతుకుతారు. వంద పూర్తయ్యేదాకా ఎవురు పిలిచినా పలకరు, పలికితే లెక్క తప్పుతాది. చిన్నప్పుడు మధ్యలో పలకరించినందుకు మోనిక తిన్న మొట్టికాయలు తక్కువేం కాదు.

"అయితే ఫ్యూజు పీకన్నా! బయట మీటరు కాడ పీకెయ్!"

"అదీ చేసినాలే. పీకి చేతిలో పట్టుకోనుండా. ఇంగేం తిరుగుతాది మగ్గం, దాని తాత తిరుగుతాడా? ఉండు, నీకు నమ్మకం కుదరాలంటే ఫోటో పంపిస్తా. పోయినేడు ఇట్లనే మా బామ్మర్ది ఇంట్లో..."

మోనిక కథ వినకుండానే ఫోను పెట్టేసింది. ధనంజయ భుజం మీద తట్టింది. "పీకేసినాడంట సార్." ధనంజయ బండి పక్కకు తీసి ఆపినాడు. తర్వాత మెల్లగా పుత్తూరు దాకా పోయినారు. ఊరి మొదట్లో చెరుకురసం బండి కనిపిస్తే ఆపి చెరొక గ్లాసు తాగినారు. "ఒక్క లైను మా," అన్నాడు ధనంజయ. "చీటీలో ఒక్క లైను. నా ల్యాప్‌టాప్‌లో ఉండేది నేనే నీకు చెప్పలే. నా తప్పు గూడా ఉండాది." మోనిక తల ఊపింది. రసం తియ్యగా, చల్లగా గొంతులో దిగింది. బతికినాం అనుకుంది.

అప్పుడొచ్చింది ఫోటో.

మురుగేష్ అరచెయ్యి, దాంట్లో తెల్లటి పింగాణీ ఫ్యూజు. ఒకటే.

మోనిక ఆ ఫోటోను పెద్దది చేసి చూసింది. మళ్ళా చూసింది. ఒకటే. ఇంటి కరెంటుకైతే ఒక ఫ్యూజు. మగ్గం మోటారుకు మూడు ఫేజులు, మూడు ఫ్యూజులు. వాళ్ళింట్లో రెండు మీటర్లుండాయి. ఇంటి మీటరు ముందు వాకిట్లో, మగ్గం మీటరు పెరట్లో వెనక గోడకు. మురుగేష్ పీకింది ఫ్యాను, టీవీ ఫ్యూజు. మగ్గం గదిలో లైటు గూడా మగ్గం మీటరుదే, కాబట్టి అమ్మకు ఏమీ తెలిసుండదు. లైటు వెలుగుతా ఉంటాది, అమ్మ అతుకుతా ఉంటాది.

టైము చూసింది. పన్నెండూ యాభై నాలుగు.

"సార్, బండి తియ్యండి," అనింది. "బండి తియ్యండి సార్, అది కాదు, అది ఇంటిది, మగ్గంది కాదు!"

* * *

పుత్తూరు బజారు దాటేదానికే అయిదు నిమిషాలు పట్టింది. ఒక ఆటో అడ్డం, ఒక ఆర్టీసీ బస్సు అడ్డం, ధనంజయ హారను మీద నుంచి చెయ్యి తియ్యలే. మోనిక మురుగేష్‌కు చేసింది. ఎత్తలే. మళ్ళా చేసింది. ఎత్తలే. పని అయిపోయిందని అన్నానికి కూచోనుంటాడు, ఫోను యాడనో ఛార్జింగుకు పెట్టుంటాడు మహానుభావుడు. దేవకమ్మకు చేస్తే ఎత్తింది.

"దేవకత్తా, మా ఇంటికి పో! వెనక పెరట్లో గోడకు మీటరుండాది, ఎవురినైనా పిలిచి మూడు ఫ్యూజులూ..."

"ఆఁ? ఏం మీటరూ? ఎనకాలా?" అనింది దేవకమ్మ. అంతలో గొంతు కొరకొరమని ఆగిపోయింది. పుత్తూరు దాటినాక కొండల సందులో ఫోను ఎప్పుడుంటాదో, ఎప్పుడు పోతాదో ఎవురికీ తెలీదు. సిగ్నలు గీతలన్నీ పోయి తెర మీద ఉత్త గుర్తొకటి మిగిలింది. మోనిక ఫోనును ఆకాశానికి ఎత్తింది, దించింది, మళ్ళా చేసింది. ఏం చేసినా నిశ్శబ్దమే.

దేవుడా, దేవుడా అనుకుంటా ఉండాది. ఏ దేవుడో గూడా తెలీకుండా పోయింది. కొండ మీది స్వామికి మెట్లెక్కి వస్తాననింది, ఇంటి దేవతకు పొంగళ్ళు పెడతాననింది, ఇంక జన్మలో కంప్యూటర్ ముట్టననింది. ఒకటీ అయిదు. ఒకటీ ఎనిమిది. ధనంజయ ఎప్పుడూ యాభై దాటని మనిషి, తొంబై మీద తోలతా ఉన్నాడు. బండి అదిరిపోతా ఉండాది. పడిపోతామేమో అనే భయం రావాల గదా, అది గూడా రాలే. భయపడేదానికి లోపల ఇంక చోటే లేదు.

నగరిలోకి వచ్చేసరికి ఒకటీ పదకొండు.

వీధి మొదట్లోకి తిరిగినారు. మోత లేదు. పొద్దంతా చెవులు పగిలేట్టు మోగే వీధి, అన్నాల వేళకు కప్పేసినట్టు ఊరకుండిపోయుండాది. యాడనో కుక్కరు కూత ఒకటి వినబడింది. ఆ నిశ్శబ్దంలో తమ బండి చప్పుడొక్కటే.

ఇంటి ముందర దేవకమ్మ నిలబడి తలుపు బాదుతా ఉండాది. "చౌడేశ్వరీ! ఓ చౌడేశ్వరీ!" మోనికను చూసి చేతులు తిప్పింది. "ఎనకాల ఎనకాల అన్న్యావు, ఏం ఎనకాలో నాకేం తెలుసు తల్లీ? అరిచి అరిచి గొంతు పోయింది. పలకదే!"

మోనిక బండి ఆగకముందే దూకింది. మోకాలు దోక్కునింది. తలుపు మీద రెండు చేతులా కొట్టింది. "అమ్మా! చేతులు తియ్యి మా! బయటికి రా! అమ్మా!"

లోపల నుంచి అమ్మ గొంతు వచ్చింది. పలికిందా అంటే పలకలే. లెక్కబెడతా ఉండాది. ముప్పైఆరు. ముప్పైఏడు. మీరెంత అరిచినా నేను లేవను అని చెప్పేదానికి ఇంకాస్త గట్టిగా లెక్కబెట్టింది. ముప్పైఎనిమిది.

"అమ్మా, నేను మోనికను!"

"ముప్పైతొమ్మిది."

మోనిక ఇంక అక్కడ నిలబడలే. సందులో పడి పరుగెత్తింది. పెరటి గేటుకు తాళం. బ్యాగులో తాళంచెవి ఉండాది, కానీ వెతికేదానికి టైము లేదు. గేటు కమ్మీల మీద కాలు పెట్టి ఎక్కి అవతలికి పడింది. గోడకు ఇనప పెట్టె, దానికొక చిన్న తాళం. నాయన పెట్టించిందే, కోతులు తెరుస్తాయని. రాయి దొరకలే. చుట్టూ చూసింది, చాకిరేవు బండ దగ్గర పచ్చడి బండ లాంటి రాయి ఒకటి కనబడింది. దాంతో కొట్టింది. ఒకటి, రెండు. మూడో దెబ్బకు వేలు నలిగింది. నాలుగో దెబ్బకు తాళం ఊడింది.

మూడు ఫ్యూజులు. మొదటిది లాగితే వచ్చేసింది. రెండోది వచ్చేసింది. మూడోది బిగుసుకోనుండాది. రెండు చేతులా పట్టుకోని, కాలు గోడకు తన్నిపెట్టి లాగింది. ఊడి, దాంతో పాటు తను గూడా వెల్లకిలా మట్టిలో పడింది.

అట్లనే పడుకోని వినింది.

లోపల, మగ్గం గదిలో, పెట్టెలో చిన్నగా టక్కుమనింది.

ఆ చప్పుడు తనకు బాగా తెలుసు. మోటారుకు పో అని చెప్పే చప్పుడు. పెట్టెకు సొంత బ్యాటరీ ఉండాది, కరెంటు పోతే డిజైను మరిచిపోకూడదని. అది తన టైముకు లేచి, కొత్త మూట విప్పి ఎక్కించుకోని, బటను నొక్కినారనుకోని, మోటారును తిరగమని చెప్పింది. మోటారుకు కరెంటు లేదు. ఏమీ తిరగలే. మోనిక ఇంకొంచెం సేపు వినింది. ఏమీ తిరగలే.

"ఎవురే లైటు తీసింది?" అని లోపల నుంచి అమ్మ అరిచింది.

* * *

పెరటి తలుపు తీసి చౌడేశ్వరి గడపలో నిలబడింది. వేళ్ళకంతా బూడిద. చెమటకు ముంగురులు నుదుటికి అతుక్కోనుండాయి. కోపంతో మొహం ఎర్రగా ఉండాది. "లెక్క పోయింది! తొంబై దాకా వచ్చుండినా..." అంటా అంటా, మట్టిలో కూచోనుండే కూతుర్ని, ఒళ్ళో ఉండే మూడు ఫ్యూజుల్ని, రక్తం కారే వేలును చూసి ఆగిపోయింది.

"ఏమైంది పాపా? నువ్వేంది ఈడ? పని లేదా ఈ పొద్దు?"

మోనిక చెప్పింది. ముక్కలు ముక్కలుగా చెప్పింది. గది, చీటీ, బటను అని ఏదేదో అనింది, అవన్నీ ఆయమ్మకు ఎక్కలేదు. "ఇప్పుడు టక్కుమనింది విన్నావా మా? అది మగ్గం మొదలయ్యేది. నేను ఇవి పీకకుంటే మొదలయ్యుండేది. నీ తల లోపలుండింది." ఇది ఎక్కింది. చౌడేశ్వరి వెనక్కి తిరిగి చీకటిగా ఉండే మగ్గం గదిలోకి చూసింది. పెట్టె తెర మీద పచ్చగా వెలుగుతా ఉండాది, మగ్గం నడుస్తున్నట్టు. నడవని మగ్గానికి అది ఒకటి తర్వాత ఒకటి వరసలు చెప్తానే ఉండాది.

ఆయమ్మ గడప మీద కూచునింది. చాలాసేపు చేతుల బూడిద కొంగుతో తుడుచుకునింది.

"మురుగేషు వచ్చి కేకేసినాడు," అనింది. "మెయిను దించమన్నాడు. మగ్గం దానంతట అదే తిరుగుతాదంట, మోనిక చెప్పింది, అని అరిచినాడు. అన్నీ ఇన్న్యా."

మోనిక తల ఎత్తింది. "విన్నావా? వినింటే ఎందుకు దించలే మా? చెయ్యి చాస్తే అందేంత దూరం గదా మెయిను!"

"మన ఇంట్లోది నువ్వు చేసిన పెట్టె గదా," అనింది చౌడేశ్వరి. "ఎవురి పెట్టెలో ఏం చెడిపోయిందో, నా బిడ్డ చేసింది నన్నెందుకు కొడ్తాదిలే అనుకున్న్యా."

మోనిక రోడ్డు మీద గంటంబావు పడిన భయమంతా ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. వీధిలో ఆరిండ్లు. ఆరిండ్లలోనూ ఇదే మాట అనుకోని, పెట్టెకు ముందు నేను, ముందు నేను అని తలుపులు తెరిచినారు.

"అట్ల అనుకోవద్దు మా," అనింది. ఏడుపు ఆగడం లేదు. "ఇంకెప్పుడూ అట్ల అనుకోవద్దు. నేను చేసిందని తెలిస్తే ఇంకా ముందు దించు."

"సరేలే, లే. వేలు కడుక్కో. ఆ సారును లోపలికి రమ్మను, పాపం ఎండలో ఉండాడు," అని చౌడేశ్వరి లేచింది. "ఆ ఫ్యూజులు పెట్టేయి. ఇంకా రెండు వేల పోగులుండాయి, లైటు లేకుంటే నాకు కనబడదు."

"పెట్టను," అనింది మోనిక.

అమ్మ రెండుసార్లు అడిగింది. కోప్పడింది గూడా. మోనిక మూడు ఫ్యూజులూ ఒళ్ళో గట్టిగా పట్టుకోని, పెట్టె వైర్లన్నీ ధనంజయ పీకి బయటికి తెచ్చేదాకా, ఆ మట్టిలో నుంచి లేవలే.